లొంగిపోయిన తమ్ముణ్ణి వెంటనే ఊరికి తెచ్చుకోవచ్చా?

మీ పిన్ని కొడుకు పద్నాలుగేళ్ల తర్వాత మావోయిస్టు దళం నుంచి బయటికొచ్చి మహారాష్ట్రలోని గడ్చిరోలిలో సరెండర్ అయ్యాడని, సర్కారు ఇచ్చే డబ్బుతో ఊళ్లో కిరాణా కొట్టు పెట్టించాలనుకుంటున్నామని రాశారు. మాది ఆ జిల్లాలోనే సిరోంచ. మా మేనత్త కొడుకు కూడా అలా వచ్చినవాడే. నేను ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను కాబట్టి అతని కాగితాల పనంతా నేనే చూసుకున్నాను. నన్నడిగితే ఇప్పుడే ఊరికి తీసుకురాకండి. కొట్టు ఆలోచన పూర్తిగా మానుకోండి.

లొంగిపోయినవాళ్ల కోసం ఉన్న కేంద్రం పథకంలో పెద్ద హోదాలో పనిచేసినవాళ్లకు 5 లక్షలు, మిగతావాళ్లకు 2.5 లక్షలు ఇస్తారు. శిక్షణ కాలంలో నెలకు 10 వేల చొప్పున మూడేళ్లు ఇస్తారు. ఆయుధం అప్పగిస్తే దానికి వేరే. కానీ ఆ లక్షలు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటాయి, వెంటనే చేతికి రావు. మా బావను అన్నిటికంటే కుంగదీసింది "ఎంతొచ్చింది?" అని అడుగుతూ వచ్చిన చుట్టాలే. ఆ డబ్బు మీద మీ ఇంట్లో ఎవరూ లెక్కలు వేసుకోవద్దు.

దళంలో సబ్బు, నూనె, బట్టలు అన్నీ పార్టీయే ఇస్తుంది. ఏం చేయాలన్నా పర్మిషన్ ఉండాలి. బావ వచ్చిన కొత్తలో బజారుకు వెళ్లాలన్నా మా అత్త ముందు నిలబడి "పోయి రావచ్చా?" అని అడిగేవాడు. జేబులో డబ్బుంటే అడిగినవాళ్లకల్లా ఇచ్చేసేవాడు. అలాంటి మనిషిని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే ఉద్దెరలోనే కొట్టు మునుగుతుంది.

అసలు కారణం ఇంకోటి ఉంది. పోలీసు ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి దళాలు చంపినవాళ్ల ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇంటివాళ్లు మీ తమ్ముడి దగ్గరికొచ్చి ఉప్పు, పప్పు కొనుక్కోవాలా? అతను స్వయంగా ఏమీ చేసి ఉండకపోవచ్చు. అయినా కొడుకును పోగొట్టుకున్న తల్లికి అతను ఆ దళం మనిషే. వాళ్లు పలకరించకపోతే తప్పు పట్టకండి. పెద్దమనుషుల్ని పిలిచి "అయిందేదో అయింది" అనిపించే పని అసలే వద్దు. మా వైపు ఒక ఊళ్లో అలా ఒత్తిడి చేస్తే, భర్తను పోగొట్టుకున్న ఒకామె పంచాయితీ మధ్యలోంచి లేచి వెళ్లిపోయింది. ఆమె లేచిపోవడమే న్యాయం. అంతవరకు ఆమె గోడు వినడానికి ఎవరూ కూర్చోలేదు మరి.

భద్రత సంగతీ ఉంది. లొంగిపోయినవాళ్లను మావోయిస్టులు చంపిన సంఘటనలు ఈ జిల్లాలో జరిగాయి. 2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ 60 మందితో కలిసి గడ్చిరోలిలో లొంగిపోయాక పరిస్థితి చాలా మారింది, నిజమే. అయినా కొంతకాలం జిల్లా కేంద్రంలో ఉండనివ్వండి. అక్కడ ఇలాంటి వాళ్ల కోసం నవజీవన్ వసాహత్ అనే కాలనీ ఉంది. కోన్‌సరి ఉక్కు ఫ్యాక్టరీలో కొందరికి ఉద్యోగాలూ ఇచ్చారు. డ్రైవింగో, వెల్డింగో చేతిపని నేర్చుకుంటే ఎక్కడైనా బతుకుతాడు.

ఈలోపు మీరు కాగితాల పని పట్టుకోండి. ఆధార్, బ్యాంకు, రేషన్ అన్నిట్లో ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ ఉండాలి. బావ భార్య భామ్రాగఢ్ వైపు మాడియా గిరిజన అమ్మాయి. ఆమె కుల సర్టిఫికెట్ కోసం 1950కి ముందు నాటి రికార్డు కావాలన్నారు. తాత పేరున్న భూమి కాగితం దొరికేదాకా మాకు నిద్ర లేదు.

మీ తమ్ముడికి పెళ్లయి ఉంటే ఒక మాట మెల్లగా, అతనొక్కడే ఉన్నప్పుడు అడగండి. పార్టీలో పెళ్లికి ముందు మగవాళ్లకు పిల్లలు పుట్టకుండా వేసెక్టమీ ఆపరేషన్ చేయించేవారు. బయటికొచ్చాక కోసిన నాళాలు తిరిగి కలిపే ఆపరేషన్ చేయించుకుని పిల్లల్ని కన్నవాళ్లు ఉన్నారు. సిగ్గుపడి ఏళ్లు పోగొట్టుకోవద్దని చెప్పండి.

కేసుల గురించి ఎవరి భరోసా మీదా ఉండిపోకండి. సరెండర్ అయినంత మాత్రాన పాత కేసులన్నీ పోవు, తీవ్రమైనవి కోర్టులో నడుస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోనో, తెలంగాణలోనో వేరే పేరు మీద కేసు ఉందేమో వకీలుతో వెతికించండి. వాయిదాకు వెళ్లకపోతే వారెంట్ వస్తుంది. కూలి పోయినా సరే, ప్రతి వాయిదాకూ ఇంట్లోంచి ఒకరు అతనితో వెళ్లండి.