1932 నాటి వీలునామా కథలో తమ్ముడికి మోటివ్ ఎలా కుదురుతుంది?

మీరు రాస్తున్న కథలో తమ్ముడు అన్న వీలునామాను దొంగిలిస్తాడు, కానీ చిక్కు వీలునామాలో లేదు, ఆస్తిలో ఉంది. కృష్ణా జిల్లా, ఉమ్మడి కుటుంబం, తాతల నాటి పొలం, పిల్లల్లేని అన్న తన వాటా భార్యకు రాసి చనిపోయాడు అన్నారు కదా, ఆ రోజుల్లో మితాక్షర (ఉమ్మడి కుటుంబ ఆస్తికి వర్తించే హిందూ ధర్మశాస్త్ర పద్ధతి) ప్రకారం విడిపోని వాటాను వీలునామాతో ఎవరికీ ఇవ్వలేరు, అది నేరుగా తమ్ముడికే పోతుంది. మరి అతను వీలునామా ఎందుకు దొంగిలిస్తాడు?

1. అందరూ వదిలేసేది ఇదే: అన్న బతికుండగానే వేరుపడాలి. పొలం కొలిచి పంచుకోనక్కర్లేదు, "నేను విడిపోతున్నాను" అని తమ్ముడికి స్పష్టంగా తెలియజేస్తే చాలని ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు లండన్‌లోని చివరి అప్పీలు కోర్టు) 1916లోనే చెప్పింది. అప్పుడే వీలునామా చెల్లుతుంది. కాబట్టి తమ్ముడు ముందు మాయం చేయాల్సింది విడిపోతున్నానని అన్న పంపిన ఆ నోటీసు. దాన్ని పంపినట్టు రుజువు చేసే రిజిస్టర్డ్ పోస్టు రసీదు వదినగారి ట్రంకు పెట్టెలో దొరకనివ్వండి, నాకైతే కథకు ప్రాణం అదే.

2. తమ్ముడు పాత తేదీతో దొంగ పత్రం పుట్టిస్తే, స్టాంపు కాగితం వెనక వైపు చూపించండి. స్టాంపులు అమ్మే వెండరు అమ్మిన తేదీ, కొన్నవాడి పేరు అక్కడ రాసి ఉంటాయి, పత్రం తేదీ కంటే అమ్మిన తేదీ తర్వాతిదైతే దొరికిపోతాడు.

3. వితంతువులకు భర్త ఆస్తిలో హక్కు ఇచ్చిన హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం 1937లో వచ్చింది. మీ లాయరు పాత్ర నోట దాన్ని పలికించకండి.