తుఫానులో ఇళ్లు పోయినవాళ్లకు వేరేచోట కాలనీ కట్టిస్తే, వాళ్ల బతుకు ఎన్నేళ్లకు కుదుటపడుతుంది?

మీ తీరంలో కూడా కాలనీకి స్థలం చూస్తున్నారని ప్రశ్నలో రాశారు. అందుకే ఇంత పొడుగ్గా చెబుతున్నాను.

మాది విజయనగరం జిల్లా, పూసపాటిరేగ మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా తాటాకు ఇళ్లన్నీ లేచిపోయాయి. తర్వాత ఒడ్డుకు దూరంగా, మెట్ట మీద కాలనీ ఇచ్చారు. ఇళ్లు మంచివే. గాలి లేస్తే పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తే బాధ తప్పింది.

కానీ మా ఇళ్లలో ఆడవాళ్ల బేరం సాగితేనే పొయ్యి వెలుగుతుంది. చేప పట్టేది మగవాళ్లయినా, దాన్ని డబ్బు చేసేది అమ్మలే. కాలనీ దెబ్బ కొట్టింది సరిగ్గా అక్కడే.

పాత ఊళ్లో తెప్ప ఒడ్డుకొస్తుంటే కేకలు ఇంట్లోకే వినిపించేవి. అమ్మ చేతిలో పని వదిలేసి వేలంపాటకు పోయేది. కాలనీకి ఆ కేకలు రావు. మారిన కొత్తలో ఒకరోజు, కానాగంత చేపలు బాగా పడ్డాయని ఎవరో సైకిల్ మీద వచ్చి చెప్పారు. అమ్మా, చిన్నమ్మా తట్టలు పట్టుకుని ఎండలో పరుగు. వాళ్లు వెళ్లేసరికి, బండ్లకు ఐసు పెట్టెలు కట్టుకొచ్చిన బయటి బేరగాళ్లు సరుకంతా ఎత్తేశారు. "అప్పా, పాటైపోనాదే" అంది ఒడ్డున ఉన్నావిడ. ఉత్త చేతులతో రాలేక, మిగిలిన నెత్తళ్లు, అవే చిన్న చేపలు, అప్పుకు తెచ్చింది అమ్మ.

ఎక్కడ ఎండబెట్టాలి? ఇంటి చుట్టూ ఇసుక లేదు, ఖాళీ జాగా లేదు. డాబా ఉంది గానీ మెట్లు లేవు. పక్కింటి నిచ్చెన తెచ్చి నేను పట్టుకుంటే, ఆ వయసులో తట్టతో పైకెక్కింది. సాయంత్రానికి నెత్తళ్లు సిమెంటుకు అంటుకుపోయాయి. గీకితే ముక్కలు. ఈలోగా వాసన వస్తోందని పక్క వీధివాళ్లు గొడవకొచ్చారు. తరతరాలుగా చేసిన పని, ఒక్క రోజులో ఊరివాళ్లకు కంపు అయిపోయింది! ఆ ఇంటి ప్లాను గీసినవారు ఎండుచేప ఎలా తయారవుతుందో ఒక్కసారి చూసుంటే మెట్లయినా పెట్టేవారు.

ఇంట్లో ఆడవాళ్ల సంపాదన పోయాక మగవాళ్లు ఆగలేదు. మా ఇద్దరన్నయ్యలూ గుజరాత్‌లోని వెరావల్ బోట్లకు పోయారు. అక్కడి పని ఎంత టెన్షనో మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో అందరికీ తెలుసు. 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కిన మనవాళ్లు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఇంకో మాట. ఏటా సముద్రంలో చేపల వేట నిషేధం 61 రోజులకూ ఇచ్చే భృతి పడవెక్కి వేటకెళ్లేవాళ్లకే. తట్ట మోసే ఆడమనిషికీ ఆ రెండు నెలలు బేరం ఉండదు కదా, ఆమె సంగతి ఎవరూ అడగరు.

ఇల్లు నిలిచినా బతుకు కూలిపోవచ్చు. మా మేనత్త వాళ్లది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను అటే తీరం దాటింది. అత్త వాళ్ల డాబాకు ఏమీ కాలేదు, కొబ్బరి చెట్లూ జీడి తోటా మాత్రం నేలమట్టం. కొత్తగా వేసిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. అన్నేళ్లు ఏం తినాలి? మామయ్య హైదరాబాద్ వెళ్లి వాచ్‌మన్‌గా చేరాడు.

మా కాలనీ కాస్త తేరుకుంది ఎప్పుడంటే, ఆడవాళ్లు చందాలేసుకుని పాత ఊరి ఇసుకలోనే తాటాకు పందిరి వేసుకున్నాక. వంతుల ప్రకారం ఒకరు అక్కడుంటారు, తెప్ప కనబడగానే ఫోన్ చేస్తారు, మిగతావాళ్లు నెలవారీ ఆటోలో దిగుతారు. అప్పటి నుంచే అప్పులు తీరడం మొదలైంది. ఇళ్లు రెండేళ్లలో లేస్తాయి. సంపాదన మాత్రం ఐదారేళ్లకు తక్కువ ఎక్కడా కుదురుకోదు. ఇది నా గట్టి నమ్మకం.

మీ ఊళ్లో స్థలం గురించి మీటింగు పెడితే, మండలాఫీసులో కాదు, తెప్పలొచ్చే వేళకు ఒడ్డునే పెట్టమనండి. ఆడవాళ్లను ముందు మాట్లాడనివ్వండి. చేపలు ఎండబెట్టే జాగా, డాబాకు మెట్లు, ఒడ్డుదాకా రోడ్డు, వలలూ ఇంజన్లూ దాచుకునే షెడ్డు కాగితం మీద రాయించుకున్నాకే ఎవరైనా సంతకం పెట్టాలి.