రంగు వెయ్యకముందు ఒక్క మాట

పాత బొమ్మల మరమ్మతు, వాటి విలువ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో కీ ఇస్తే నడిచే రేకు కారు ఒకటి దొరికింది. అడుగున తుప్పు పట్టింది. పైన అక్కడక్కడా రంగు పోయింది. కీ తిరగడం లేదు. మా తమ్ముడు "గరుకు కాగితంతో రుద్ది స్ప్రే కొడితే కొత్తదైపోతుంది, రేటు కూడా బాగా పలుకుతుంది" అంటున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడి చేతిలోంచి ఆ గరుకు కాగితం తీసేసుకోండి. తక్కినవి తర్వాత మాట్లాడుకుందాం.

రేకు బొమ్మల్లో చాలావాటి మీద మనకు కనిపించేది పూసిన రంగు కాదు, అచ్చు. రేకు ఇంకా చదునైన పలకగా ఉన్నప్పుడే దాని మీద కిటికీలు, తలుపు పిడులు, డ్రైవరు ముఖం, అన్నీ లితోగ్రాఫు పద్ధతిలో అచ్చేసేవారు. ఆ పలకను కత్తిరించి, వంచి, అంచున ఉన్న చిన్న చిన్న రేకు నాలుకల్ని గాట్లలో దూర్చి మడిచేవారు. అలా తయారయ్యేది బొమ్మ. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో చేసినా, రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్‌లో చేసినా తయారీ ఇదే. కాబట్టి ఆ అచ్చును గీకేస్తే మళ్లీ వేసే దారి లేదు. మీ తమ్ముడి చెయ్యి ఎంత మంచిదైనా ఆ సన్నని గీతలు, చుక్కలు స్ప్రే డబ్బాలోంచి రావు.

ఈ మాట నాకు ఎవరో చెప్పగా తెలిసింది కాదు. ఇరవై రెండేళ్ల వయసులో నా చేతికి ఒక రేకు మోటారు సైకిలు బొమ్మ వచ్చింది. నడిపేవాడి చెంప మీద వేలిగోరంత తుప్పు మచ్చ, అంతే. అది పోగొట్టాలని చెంప రుద్దాను. చెంపకు కొత్త రంగు వేస్తే మెడ మాసినట్టు కనిపించింది, మెడకూ వేశాను. తర్వాత కోటు. తర్వాత బండి. పదకొండు రాత్రులు కూర్చుని పూర్తి చేసి, నాకు ఈ పని నేర్పుతున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని తిరగేసి, నడుము దగ్గర మడిచి ఉన్న రేకు నాలుకను గోటితో కొద్దిగా పైకి లేపి, భూతద్దం నా చేతికిచ్చారు. ఆ మడత కింద, నా బ్రష్ పోని చోట, బియ్యపుగింజంత అసలు అచ్చు మిగిలి ఉంది. ముదురు ఎరుపు మీద వరసగా పసుపు చుక్కలు, ఆవగింజలో పదో వంతు కూడా ఉండవు ఒక్కోటి. "కోటంతా ఇలా ఉండేది" అన్నారు. అంతే, ఇంకో మాట అనలేదు. ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రంగు డబ్బా మూత తీసే ప్రతిసారీ ఒకసారి ఆ మడత కిందకి చూస్తాను.

సేకరించేవారు డబ్బు పెట్టేది ఆ పసుపు చుక్కలకే. కొత్త రంగు ఎవరైనా, ఎప్పుడైనా వేయగలరు. ఫ్యాక్టరీలో పడ్డ అచ్చు మాత్రం ఉన్నంతే ఉంటుంది, ఏటేటా తరిగేదే గానీ పెరిగేది కాదు. ఇంకో కారణం కూడా ఉంది. నిగనిగలాడే కొత్త రంగు కింద ఏముందో కొనేవాడికి కనపడదు. పుట్టీ పెట్టి పూడ్చిన చిల్లు ఉందో, వేరే బొమ్మ నుంచి తెచ్చిన తలుపు ఉందో తెలియదు. పాత గీతలు, పాత తుప్పు మాత్రం ఏదీ దాచకుండా ఎదురుగా ఉంటాయి. అందుకే మచ్చలున్న అసలు బొమ్మ, అద్దంలా మెరిసే రీపెయింట్ కంటే చాలాసార్లు ఎక్కువ పలుకుతుంది.

మరి మీరు చేయాల్సింది ఏమిటంటే, మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. తడి బట్ట పెట్టాలనిపిస్తే ముందు అడుగున కనిపించని చోట దూది పుల్లను కాస్త తడిపి అద్ది చూడండి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపేయండి. అడుగున తుప్పు పొడిపొడిగా రాలుతుంటే రాలినంతే రాలనిచ్చి, పైన మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాయండి. మ్యూజియంలలో లోహపు వస్తువులకు రాసేది ఇలాంటి మైనమే. కావాలంటే మళ్లీ తీసేయొచ్చు. కీ తిరగడం లేదన్నారు కదా, బలం పెట్టకండి. పాత గ్రీజు జిగురులా బిగిసిపోయి ఉంటుంది. సూది మొనతో గడియారం నూనె ఒక్క చుక్క ఇరుసు చివర్న పెట్టి ఒక రాత్రి వదిలేయండి. నూనె అచ్చు మీద పడకూడదు. లోపలి యంత్రాన్ని దాని సొంత భాగాలతోనే శుభ్రం చేసి నడిపిస్తే విలువకు నష్టం లేదు, నడిచే బొమ్మనే అందరూ కోరుకుంటారు. స్ప్రింగు మార్చాల్సి వస్తే మాత్రం పాతదాన్ని పారేయకుండా ఒక కవరులో పెట్టి బొమ్మతోనే ఉంచండి.

ప్రశ్న: నా దగ్గర పాత డింకీ లారీ ఉంది. సగానికి పైగా రంగు లేదు, టైర్లు పగిలిపోయాయి. రంగు తీసి మళ్లీ వేయించి, కొత్త టైర్లు వేస్తే దాన్ని సేకరించేవాళ్లు అసలు పట్టించుకోరా?
— ఒక పాఠకుడు

జవాబు: పట్టించుకునేవాళ్లూ ఉంటారు. ఇందాకటి బొమ్మంత కచ్చితంగా వద్దని మీకు చెప్పను.

డింకీ పేరుతో ఈ లోహపు పోత బొమ్మలు 1934 నుంచి వచ్చాయి. లివర్‌పూల్‌లో బిన్స్ రోడ్‌లోని మెకానో వారి ఫ్యాక్టరీ 1979లో మూతపడేదాకా కొన్నిటిని లెక్కలేనన్ని పోతపోశారు. మీది అలా విరివిగా దొరికే మోడలై, నిజంగానే సగం పైగా రంగు పోయి ఉంటే, దాన్ని అసలు స్థితిలోనే కావాలనేవారు మంచి రంగుతో ఉన్నదాన్నే వెతుక్కుంటారు. మీ లారీకి పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. శ్రద్ధగా రంగు వేయిస్తే ముచ్చటపడి కొనేవాళ్లు ఉంటారు. కానీ అసలు రంగుతో బాగున్న లారీకి వచ్చే ధర దానికి రాదు. రంగు వేయించడానికి పెట్టిన ఖర్చు కూడా తిరిగి రాకపోవచ్చు. మనసుకు నచ్చి చేయిస్తానంటే చేయించండి, లాభం కోసమైతే వద్దు.

రంగు తీయించే ముందు మాత్రం ఒక పని తప్పకుండా చేయండి. క్యాబిన్ లోపలి మూలల్లో, అడుగు రేకు అంచున టార్చి వేసి చూడండి. ఒకే పోత ఒక రంగులో కుప్పలుగా దొరుకుతూ, ఇంకో రంగులో అరుదుగా కనిపించడం ఈ బొమ్మల్లో ఉన్నదే. మీ లారీది అరుదైన రంగైతే ఆ మిగిలిన పెచ్చులే దానికి సాక్ష్యం. వాటిని గీకేశాక మీ మాట ఒక్కటే మిగులుతుంది.

తెలిసినవాళ్లు ఎలా కనిపెడతారో కూడా చెబుతాను. మొదట లారీని తిరగేస్తారు. అడుగు రేకును పట్టి ఉంచే రివెట్ల తల ఫ్యాక్టరీలో అణిచినట్టే ఉందా, డ్రిల్లు చేసి స్క్రూ పెట్టారా అని చూస్తారు. తర్వాత గోరు పెట్టి తలుపు గీతను తడుముతారు. మందంగా పడ్డ కొత్త రంగు ఆ సన్నని గాడిని సగం పూడ్చేస్తుంది, గోటికి తెలిసిపోతుంది. ఎవరైనా కాస్టిక్ సోడాలో నానబెట్టమని చెబితే వినకండి. ఈ పోతలో ఉన్నది ఎక్కువగా జింకు, దాన్ని కాస్టిక్ సోడా తినేస్తుంది.

టైర్ల సంగతి వేరు. రబ్బరు ఎండి పగలడం దాని స్వభావం. సరైన కొలత, సరైన రంగు టైర్లు వేస్తే ఎక్కువమంది తప్పు పట్టరు, మార్చినట్టు చెబితే చాలు. చక్రాలు మాత్రం ఊరికే మార్చకండి. ఇలాంటివే చిన్న పోత కార్లు, మ్యాచ్‌బాక్స్‌వే చూడండి. మొదట్లో లోహపు చక్రాలు, తర్వాత బూడిదరంగు ప్లాస్టిక్‌వి, ఆ తర్వాత నల్లవి, 1969 నుంచి వేగంగా దొర్లే సూపర్‌ఫాస్ట్ చక్రాలు వచ్చాయి. బూడిదరంగు చక్రం తీసి నల్లది బిగించారంటే ఆ కారు ఏ కాలానిదో చెప్పే గుర్తును చేతులారా తీసేసినట్టే.

ఒకవేళ మీ లారీ రెండో ప్రపంచయుద్ధానికి ముందుదైతే పగుళ్లు వెతకండి. అప్పటి పోతల్లో సీసం కలిసిన జింకు వాడినవి లోపల్నుంచే తినేసుకుపోయి, ఉబ్బి, పగిలి ముక్కలవుతాయి. దీన్ని జింక్ పెస్ట్ అంటారు. మందు లేదు. రంగు వేస్తే పైకి కనిపించకుండా పోతుంది కానీ లోపల ఆగదు. అలా కప్పిపెట్టి అమ్మడం నా దృష్టిలో మోసమే.

ప్రశ్న: పాత బార్బీ బొమ్మకు చెవుల చుట్టూ పచ్చ మరక పడింది. పోతుందా?
— ఒక సోదరి

జవాబు: చెవిపోగుల లోహం చెడి బొమ్మ వినైల్ ప్లాస్టిక్‌లోకి దిగిన పచ్చదనం అది. పాత బార్బీలకు మామూలే. ముందు పోగులు మెల్లగా తీసి విడిగా దాచండి, అవి అసలువైతే వాటికీ విలువ ఉంది. మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీమ్ పూస్తే మరక తగ్గుతుందని చాలామంది చేస్తారు, తగ్గుతుంది కూడా. కానీ అది చుట్టూ ఉన్న వినైల్‌ను కూడా తెల్లబరుస్తుంది, కొన్నాళ్లకు పచ్చదనం మళ్లీ పైకి రావచ్చు. అరుదైన బొమ్మైతే పచ్చ చెవులతోనే ఉంచండి. పచ్చ చెవి ఎందుకు వచ్చిందో సేకరించేవారికి తెలుసు, తెల్లబారిన చెంప చూస్తే మాత్రం ఇంకేం చేశారోనని అనుమానం వస్తుంది.

ప్రశ్న: మా అమ్మమ్మ చిన్నప్పటి ఎలుగుబంటి బొమ్మ, జర్మనీ కంపెనీ స్టైఫ్ వారిది. ఒక కన్ను లేదు, అరిపాదం చిరిగి లోపలి పొట్టు రాలుతోంది. ఉతికి, కొత్త దూది నింపి కుట్టించమంటారా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఉతకొద్దు తల్లీ. లోపల ఉన్నది దూది కాదు, చెక్క తురుము అయ్యుండొచ్చు. పాత ఎలుగుబంట్లను దానితోనే గట్టిగా కూరేవారు. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, బూజు పడుతుంది. నొక్కితే కరకరలాడే ఆ గట్టిదనం కూడా బొమ్మ వయసు చెప్పే గుర్తే. దాన్ని తీసి కొత్త దూది నింపితే ముట్టుకోగానే తెలిసిపోతుంది.

ఎడమ చెవి చూడండి. 1904 నుంచి స్టైఫ్ వారు బొమ్మ చెవికి లోహపు బొత్తం పెట్టడం మొదలుపెట్టారు. బొత్తం రకాన్ని బట్టి కాలం పోల్చుకుంటారు. బొత్తం ఉంటే దాన్ని మెరిపించకండి, పాలిష్ పెట్టకండి. అసలు ముట్టుకోకండి.

పాదం చిరుగు మాత్రం ఆపాలి. అది అందం కోసం చేసే పని కాదు, ప్రాణం నిలిపే పని. ఇంకా చిరిగితే పొట్టు మొత్తం పోతుంది. పాత గుడ్డను తీయకుండా దాని లోపలివైపు సరిపోయే రంగు నూలు గుడ్డ ముక్క పెట్టి, విప్పాలనుకుంటే విప్పుకునేలా దూరం దూరంగా సన్నని కుట్లు వేయించండి. రాలిన పొట్టును చీటీ రాసి పొట్లం కట్టి ఉంచండి. దారం ఎంచుకునేటప్పుడు చాలామందికి తెలియనిది ఒకటుంది. ఇప్పటి దారాల్లో చాలావాటిలో తెల్లగా మెరిపించే రసాయనం ఉంటుంది, అతినీలలోహిత దీపం కింద నీలంగా వెలుగుతుంది. సేకరించేవారు ఆ దీపం జేబులోనే పెట్టుకు తిరుగుతారు. దాన్ని చూసి భయపడాల్సింది ఏమీ లేదు, "ఇక్కడ కుట్టించాం" అని మీరే ముందు చూపిస్తే సరి.

కన్ను సంగతి నేనైతే వదిలేస్తాను. అమ్మమ్మ దగ్గర ఆ బొమ్మ ఒంటికన్నుతోనే ఉండి ఉంటే అలాగే ఉండనివ్వండి. పెట్టించి తీరాలంటే మిగిలిన కన్నులాంటిదే, అదే కాలానిది వెతకండి. మొదటి రోజుల్లో నల్లని బూటు బొత్తాలు కళ్లుగా పెట్టేవారు, గాజు కళ్లు తర్వాత వచ్చాయి. ఒకవైపు బొత్తం, ఒకవైపు గాజు అయితే బాగుండదు.

చిమ్మటలు పట్టాయనిపిస్తే మందు చల్లకుండా, గాలి చొరని కవరులో మూసి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి, చలి పూర్తిగా విడిచాకే తీయండి. లేకపోతే తేమ పడుతుంది.

ప్రశ్న: నేను బాగుచేసి అమ్మే బొమ్మలకు రంగు వేశానని ముందే చెబితే బేరం పోతోంది. చెప్పకపోతే ఏమవుతుంది?
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మీరు అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను. చెప్పకుండా అమ్మకండి. నా చేత్తో బాగుచేసిన ఒక బొమ్మ రెండు చేతులు మారాక "అసలు రంగు" అని మూడోవారికి అమ్ముడుపోయింది. కొన్నావిడ నా దగ్గరికే పట్టుకొచ్చి చూపించారు. నా బ్రష్ గీత నేను గుర్తుపట్టాను. ఆవిడ ముఖంలోకి చూసి ఆ మాట చెప్పడం నాకు ఎంత కష్టమైందో ఇప్పుడు రాస్తుంటే కూడా గుర్తొస్తోంది. నేను అబద్ధం చెప్పలేదు, కానీ బొమ్మ మీద ఏ గుర్తూ పెట్టలేదు. తప్పు అక్కడ జరిగింది.

అప్పటినుంచి నేను రంగు వేసిన ప్రతి బొమ్మ అడుగున, లోపలివైపు, సన్నగా సంవత్సరం, "రీపెయింట్" అనే మాట రాస్తున్నాను. పని మొదలుపెట్టకముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఏ భాగం మార్చానో కాగితం మీద రాసి బొమ్మతో పాటే ఇస్తాను. బేరాలు కొన్ని పోతాయి, నిజమే. ఉన్నదున్నట్టు తెలుసుకుని కొనేవారే మళ్లీ వస్తారు, మళ్లీ మళ్లీ వస్తారు. మీరు ఇదివరకు చెప్పకుండా అమ్మినవి ఉంటే, కొన్నవారి నంబర్లు మీ దగ్గరుంటే, ఈ వారమే ఫోన్ చేయండి.

ప్రశ్న: ఇంత జాగ్రత్త పడితే మా పిల్లాడు మా నాన్నగారి రేకు రైలుతో ఎప్పుడు ఆడుకోవాలి?
— ఒక తండ్రి

జవాబు: వాడు చిన్నపిల్లాడైతే ఆ రైలు వద్దు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో బొమ్మల రంగుల్లో సీసం మీద నిషేధం వచ్చిందే 1978లో. పెచ్చులూడుతున్న రంగు నోట్లోకి పోకూడదు. మీరు గరుకు కాగితంతో రుద్దినా ఆ పొడి ఇల్లంతా పడుతుంది. నోట్లో పెట్టుకునే వయసు దాటాక, మీ పక్కన కూర్చోబెట్టుకుని, కీ వాడి చేతికే ఇవ్వండి. మూడు చుట్లు చాలు, నిండా తిప్పనివ్వకండి. ఆడాక చేతులు కడిగించండి. నడిచేటప్పుడు రెండు కొత్త గీతలు పడితే పడనివ్వండి, వాటికి రంగు మాత్రం వేయకండి.