రీలు కడిగించే ముందు: మేనకోడలికి ఉత్తరం

చి. బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. మీ నాన్న పాత యాషికా ఫిల్మ్ కెమెరా మళ్ళీ నడుస్తోందని, అప్పుడే మూడు రోల్స్ పూర్తి చేశావని రాశావు. సంతోషం. ల్యాబ్ కౌంటర్ దగ్గర అబ్బాయి ఏవేవో అడిగితే తెల్లమొహం వేసి రోల్స్ వెనక్కి తెచ్చుకున్నానన్నావు. మంచి పనే చేశావు. కలర్ ల్యాబ్‌లో ఆ కౌంటర్‌కి లోపలివైపు నిలబడి బతికినవాణ్ణి. బయటివైపు వాళ్ళు ఏం చెప్పకుండా రోల్ పెట్టేసి వెళ్ళిపోతారో నాకు బాగా తెలుసు. ఫోన్లో చెబితే సగం గుర్తుండదు, అందుకే రాస్తున్నా.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకో. స్కాన్ పదిసార్లయినా చేయించుకోవచ్చు, కడగడం, అంటే రోల్‌ని కెమికల్స్‌లో వేసి బొమ్మ పైకి తేవడం, మాత్రం ఒక్కసారే. అంచేత నీ జాగ్రత్తంతా ముందు కడగడం మీద పెట్టు. జనం సరిగ్గా తిరగేసి చేస్తారు. ఎక్కడ కడుగుతారో అడగరు గానీ స్కాన్ ఎన్ని మెగాపిక్సెల్స్ అని బేరమాడతారు.

ముందు డబ్బా మీద ఏం రాసుందో చదువు. నీ దగ్గరున్న కోడాక్ గోల్డ్ కలర్ నెగెటివ్. దాని మీద సీ-41 అని ఉంటుంది, అది కడిగే పద్ధతి పేరు. కంపెనీ ఏదైనా, స్పీడ్ (వెలుగుని పట్టే శక్తి) 100 అయినా 800 అయినా సీ-41 రోల్స్ అన్నిటికీ ఒకటే లెక్క: బొమ్మని పైకి తెచ్చే డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు, తర్వాత వెండిని తీసేసే బ్లీచ్, ఫిక్సర్, చివర స్టెబిలైజర్. వేడి కాస్త అటూ ఇటూ అయినా రంగు తేడా కొడుతుంది, అందుకే ఇది మెషీన్ పని. రెండో రోల్ ఇల్‌ఫర్డ్ కంపెనీ హెచ్‌పీ5 బ్లాక్ అండ్ వైట్. దాని లెక్క వేరు. ఫిల్మ్‌కో టైము, డెవలపర్‌కో టైము. చాలాచోట్ల చిన్న ట్యాంకులో చేత్తోనే కడుగుతారు. అందుకే ఎక్కువ తీసుకుంటారు, ఆలస్యం కూడా చేస్తారు. అక్కడ బేరమాడకు. ఏ డెవలపర్ వాడతారని మాత్రం అడుగు. తడుముకోకుండా పేరు చెబితే పని తెలిసినవాడని అర్థం. ఇక ఇల్‌ఫర్డ్ వాళ్ళదే ఎక్స్‌పీ2 అని ఒకటుంది. బొమ్మ బ్లాక్ అండ్ వైట్, కడగాల్సింది సీ-41లో. నోటిమాటగా బ్లాక్ అండ్ వైట్ అని చెప్పి ఇచ్చే అలవాటు ఇలాంటప్పుడే కొంప ముంచుతుంది. డబ్బా చూపించి ఇవ్వు. స్లైడ్ ఫిల్మ్ (నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చేది) కొంటే దాన్ని కడిగే పద్ధతి ఈ-6, అది చేసే ల్యాబ్‌లు తక్కువ. కొనేముందే కనుక్కో.

నన్ను కలవరపెట్టింది నీ మూడో రోల్. ఆన్‌లైన్లో చవగ్గా వచ్చిందని కొన్నావు, లేబుల్ మీద చేత్తో 250డి అని మాత్రమే రాసుందన్నావు. అది సినిమా ఫిల్మ్ అయ్యుండొచ్చు. కోడాక్ విజన్3 పెద్ద రీళ్ళని ముక్కలుగా కోసి, చిన్న డబ్బాల్లో చుట్టి అమ్ముతుంటారు. ఈమధ్య కాలం దాకా ఆ రకం ఫిల్మ్ వెనకవైపు రెమ్‌జెట్ అనే నల్లపూత ఉండేది, నీదానికీ ఉండొచ్చు. అది సినిమా ఫిల్మ్ కడిగే ఈసీఎన్-2 పద్ధతిలో కడగాల్సిన సరుకు. తెలియక మామూలు సీ-41 మెషీన్‌లో పెట్టారా, ఆ మసి ఊడి ట్యాంకుల్లో కలిసి, నీ రోల్‌తో పాటు వెనకాల వచ్చే పదిమంది రోల్స్ కూడా పాడవుతాయి. ల్యాబ్ వాళ్ళు నిన్ను జన్మలో క్షమించరు. సినీస్టిల్ లాంటివాటికి ఆ పూత ముందే తీసేసి అమ్ముతారు, వాటిని సీ-41లో కడగొచ్చు. నీది ఏ రకమో అమ్మినవాడికి మెసేజ్ పెట్టి అడుగు. జవాబు వచ్చేదాకా ఆ రోల్ ఎవరికీ ఇవ్వకు.

ఇప్పుడు ల్యాబ్ సంగతి. మా రోజుల్లో పెళ్ళిళ్ళ సీజన్‌లో మెషీన్ ఆగేది కాదు. రోల్స్ పడుతుంటే కొత్త కెమికల్ కలుస్తుండేది, అందువల్ల అది ఎప్పుడూ తాజాగానే ఉండేది. ఇప్పుడు వారానికి నాలుగు రోల్స్ వచ్చే చోట డెవలపర్ వాడకపోయినా గాలికి పాడైపోతుంది. కాబట్టి మీ లాబొరేటరీ ఎంత పెద్దది అని కాదు, సీ-41 వారంలో ఎన్నిసార్లు నడుపుతారు అని అడుగు. రెండోది, కంట్రోల్ స్ట్రిప్ వేస్తారా అని అడుగు. కంపెనీ నుంచి ముందే ఎక్స్‌పోజ్ చేసి వచ్చే చిన్న ఫిల్మ్ ముక్క అది. దాన్ని కడిగి, ఎంత చిక్కగా వచ్చిందో డెన్సిటోమీటర్ అనే పరికరంతో కొలిచి చూస్తే కెమికల్ ఆరోగ్యం తెలిసిపోతుంది. ఈ మాట అడిగితే మంచి ల్యాబ్‌వాడు నొచ్చుకోడు, పైగా కుర్చీ వేసి కూర్చోబెడతాడు. పాత స్టూడియోల్లో కొందరు ఇచ్చి వెళ్ళండమ్మా, వారంలో ఇచ్చేస్తాం అంటారు. వాళ్ళు రోల్స్ పోగేసి ఇంకెక్కడికో పంపుతారు. అందులో తప్పేం లేదు గానీ, ఎక్కడికని అడిగి తెలుసుకో. హైదరాబాద్‌లో నీకు నచ్చినవాళ్ళు కుదరకపోతే బెంగళూరో, ముంబయో, చెన్నైయో నేరుగా నువ్వే కొరియర్ చెయ్యడం నయం.

కొరియర్ అంటే గుర్తొచ్చింది. కడగని రోల్‌కి ఎండ శత్రువు. మే నెలలో స్కూటర్ డిక్కీలో మధ్యాహ్నమంతా వదిలేస్తే రంగులు దెబ్బతింటాయి. శనివారం పంపి, ఆదివారమంతా గోడౌన్‌లో మగ్గనివ్వకు. సోమవారం పంపు. రోల్‌ని దాని ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి, జిప్ కవర్లో వేసి, గట్టి అట్టపెట్టెలో సర్దు. ఊరెళ్ళేటప్పుడు విమానంలో చెక్-ఇన్ సామానులో మాత్రం ఎప్పుడూ పెట్టకు, ఆ ఎక్స్‌రే ఫిల్మ్‌ని పాడు చేస్తుంది. చేతిసంచిలో పెట్టుకుని, సెక్యూరిటీ దగ్గర చేత్తో చూడమని అడుగు. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. పాతరకం ఎక్స్‌రే మెషీన్ అయితే 400 రోల్‌కి ఒకటి రెండుసార్లు పర్వాలేదు. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు మాత్రం ఒక్కసారికే మసక కొట్టించగలవు.

రోల్‌తో పాటు ఒక చీటీ తప్పకుండా పెట్టు. పేరు, ఫోన్ నంబరు ఎలాగూ రాస్తావు. దాంతోపాటు ఫిల్మ్ పేరు, ఏ పద్ధతిలో కడగాలో, పుష్ ఉందా లేదా రాయి. అదే నంబరు మార్కర్‌తో డబ్బా మీదా వెయ్యి. పుష్ అంటే ఏమిటో చెబుతాను. నీ హెచ్‌పీ5 స్పీడ్ 400. రాత్రిపూట చార్మినార్ దగ్గర వెలుతురు చాలక కెమెరాలో 1600 పెట్టి తీశానన్నావు. అంటే ఫిల్మ్‌కి అందాల్సిన వెలుగులో నాలుగో వంతే అందింది. ఆ లోటుని డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి కొంత పూడ్చాలి. వెలుగు ఒకసారి సగమైతే ఒక స్టాపు, మళ్ళీ సగమైతే రెండు, అందుకే దీన్ని రెండు స్టాపుల పుష్ అంటారు. చీటీలో 'తీసింది 1600, పుష్ 2' అని స్పష్టంగా రాయి. కడిగేశాక వెళ్ళి చెబితే ఎవరూ ఏం చెయ్యలేరు. రోల్ మొత్తానికి ఒకటే టైము కాబట్టి సగం 400లో, సగం 1600లో తీయడం కుదరదని కూడా గుర్తుంచుకో.

చీటీ కింద పెద్ద అక్షరాలతో ఇంకోటి రాయి: నెగెటివ్‌లు వెనక్కి కావాలి. ఈ రోజుల్లో స్కాన్ లింకు వస్తే చాలని వెళ్ళిపోతున్నారు, ల్యాబ్‌ల వాళ్ళు కొన్నాళ్ళు ఉంచి పారేస్తున్నారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు వేల సంఖ్యలో ఇప్పటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆయన పోయింది 1905లో. నీ గూగుల్ డ్రైవ్ ఎన్నేళ్ళుంటుందో నువ్వే చెప్పు.

స్కాన్ సైజు తేల్చడానికి చిన్న లెక్క చాలు. మంచి ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. పోస్ట్‌కార్డ్ సైజుకి 1800 × 1200 సరిపోతుంది. 12 × 18 అంగుళాలు వేసి గోడకి తగిలించాలంటే 5400 × 3600 కావాలి. కాబట్టి మొదటిసారి అన్నిటికీ మామూలు సైజు చేయించుకో. అందులో బాగా నచ్చిన రెండో మూడో ఫ్రేములు ఎంచుకుని, నంబరు చెప్పి, పెద్ద సైజులో టిఫ్ ఫైల్‌గా మళ్ళీ చేయించుకో. ఫైళ్ళు లింకు ద్వారానే పంపమను. వాట్సాప్‌లో మామూలు ఫోటోలుగా పంపితే పిండి పిప్పి చేస్తుంది.

ల్యాబ్‌ల్లో ఎక్కువగా ఉండేవి ఫ్యూజీ ఫ్రాంటియర్, నోరిట్సు స్కానర్లు. ఏది మంచిదని వాదించుకునేవాళ్ళున్నారు. నన్నడిగితే మెషీన్ కంటే దాని ముందు కూర్చున్న మనిషే ముఖ్యం. ఒక్కో ఫ్రేము తెర మీదికి రాగానే అతను సయాన్, మెజెంటా, ఎల్లో అనే రంగుల మీటలు, బొమ్మ ఎంత ముదురుగా ఉండాలో చెప్పే డెన్సిటీ మీట నొక్కి రంగు సరిచేస్తాడు. సాయంత్రపు ఎండలో తీసిన ఫోటోకి ఆ బంగారు రంగు నువ్వు కావాలని పెట్టుకున్నావని అతనికి ఎలా తెలుస్తుంది? మెషీన్ దాన్ని తప్పనుకుని తీసేస్తుంది, అతను అలాగే వదిలేస్తాడు. ఇంకోటి మన దగ్గర బాగా పాతుకుపోయిన జబ్బు. పెళ్ళి ఆల్బమ్‌ల కాలం నుంచి మొహం కాస్త తెల్లగా రావాలని కస్టమర్లే అడిగేవారు, దాంతో ఆపరేటర్ల వేలు దానంతటదే డెన్సిటీ మీట మీదికి పోతుంది. మీ అమ్మమ్మ చామనఛాయ చామనఛాయలాగే ఉండాలంటే ఆ మాట రాసి ఇవ్వు: మొహాలు తెల్లబరచొద్దు, ఎండ రంగు తీసెయ్యొద్దు, కాంట్రాస్ట్ తక్కువగా ఉంచండి. మిగతాది నువ్వు కంప్యూటర్లో సర్దుకోవచ్చు. తెల్లగా పేలిపోయిన చోట మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఏం చెయ్యలేదు.

దుమ్ము చుక్కలు తీసే ఐస్ అనే సదుపాయం స్కానర్లలో ఉంటుంది. పరారుణ కాంతితో ఫిల్మ్ మీదున్న దుమ్మునీ గీతలనీ పట్టుకుంటుంది. కలర్‌కి బాగా పనిచేస్తుంది. మామూలు బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మే వెండి, ఆ కాంతిని అది అడ్డుకుంటుంది. దాంతో ఐస్ బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. హెచ్‌పీ5కి ఐస్ ఆపమని చెప్పు.

ఇప్పుడు అసలు విద్య. స్కాన్లు బాగా రాలేదనుకో. వెంటనే ల్యాబ్‌తో గొడవకి దిగకు. నెగెటివ్ చేతికి వచ్చాక అంచులు మాత్రమే పట్టుకుని, ఫోన్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి దాని మీద చూడు. కెమెరా పళ్ళు పట్టుకునే రంధ్రాల పక్కన, అంచున ఫిల్మ్ పేరు, ఫ్రేము నంబర్లు కనిపిస్తాయి. అవి ఫ్యాక్టరీలో వెలుగుతో వేసినవి. నీ కెమెరాకి వాటితో సంబంధం లేదు, డెవలపర్‌లో పడితేనే పైకొస్తాయి. ల్యాబ్ పనికి సాక్ష్యం అవే. అంచు నంబర్లు చిక్కగా ఉండి, బొమ్మలు పలచగా ఉన్నాయా? కడగడం బాగానే ఉంది, నువ్వు వెలుగు తక్కువిచ్చావు. నంబర్లు చిక్కగా ఉండి, బొమ్మలే లేవా? రోల్ కెమెరాలో పళ్ళకి పట్టుకోలేదు, లేదా షట్టర్ తెరుచుకోలేదు. ఈసారి రోల్ వేశాక లీవర్ తిప్పుతూ రివైండ్ నాబ్ కూడా తిరుగుతోందో లేదో చూసుకో. నంబర్లు, బొమ్మలు రెండూ పలచగా ఉంటే డెవలపర్ నీరసించిందని అర్థం. నంబర్లు కూడా లేకుండా మొత్తం ఖాళీగా ఉంటే డెవలపర్ కంటే ముందే ఫిక్సర్‌లో పడిందేమో అని అడగొచ్చు. రోల్ మొత్తం నల్లగా ఉంటే ఎక్కడో వెలుగు పడింది.

కలర్ నెగెటివ్ మురికిగా, మబ్బు పట్టినట్టు ఉంటే మాత్రం ఆశ వదులుకోకు. బ్లీచ్ గానీ ఫిక్సర్ గానీ చాలక వెండి మిగిలిపోయి ఉండొచ్చు. మళ్ళీ బ్లీచ్, ఫిక్సర్ చేయమని మర్యాదగా అడుగు. ల్యాబ్ పొరపాట్లలో సరిదిద్దుకోగలిగింది ఇదొక్కటే అనుకో. బొమ్మల మీద ఎర్రటి, నారింజ చారలు పళ్ళ రంధ్రాల వైపు నుంచి పాకుతూ వచ్చాయంటే ముందు మన యాషికానే అనుమానించు. అంతకాలం మూలన పడున్న కెమెరాలో వెనక తలుపు చుట్టూ ఉండే స్పాంజి జిగురైపోయి, వెలుగు లోపలికి దూరుతుంది. ఆ స్పాంజి మార్పించడానికి ఎక్కువ ఖర్చు కాదు. ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట, పొడుగ్గా, తిన్నగా గీత ఉంటే కెమెరా లోపల ఇసుక రేణువైనా ఉండాలి, ల్యాబ్ మెషీన్ రోలర్ మీదైనా ఉండాలి. తర్వాతి రోల్ వేరే ల్యాబ్‌కిచ్చి చూస్తే ఎవరిదో తేలిపోతుంది.

నెగెటివ్‌లని ఆరారు ఫ్రేముల ముక్కలుగా కోసి, పాలీప్రొపిలీన్ స్లీవుల్లో పెట్టి ఇమ్మను. పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్ళకి ఫిల్మ్‌కి అంటుకుంటాయి. ఇంట్లో అటక మీద పెట్టకు, వేడి. వానాకాలం బూజు పట్టకుండా డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి రంగు మారినప్పుడు మార్చు.

ముందుగా గోల్డ్ రోల్ ఒక్కటే ఇవ్వు. అది చేతికొచ్చి, అంచులు చూసుకుని, ల్యాబ్ మీద నమ్మకం కుదిరాకే చార్మినార్ రోల్ పంపు. చీటీ ఒకసారి ఫోటో తీసి నాకు పంపితే చూసి చెబుతా. 250డి అమ్మినవాడు ఏమన్నాడో కూడా రాయి.

మీ మామయ్య