గల్ఫ్ హోటళ్లలో పనిచేసి వచ్చినవారు హోటల్ మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పగలరా?

ప్రశ్న అడిగినవారి సందేహం ఇది: విదేశీ హోటళ్లలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఇక్కడికొచ్చి కాలేజీలో చెప్పగలరా, లేక డిగ్రీ, పీజీ చేసి నేరుగా టీచింగ్‌లోకి వచ్చిన లెక్చరర్లే మేలా?

హోటల్లో పనిచేయనివాళ్లు హోటల్ పని నేర్పకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. నేను మొదట మస్కట్‌లో, తర్వాత దుబాయ్‌లో హౌస్‌కీపింగ్‌లో, అంటే గదులు శుభ్రం చేసి సిద్ధం చేసే విభాగంలో చేశాను. రూమ్ అటెండెంట్‌గా చేరి, ఆ విభాగం హెడ్ తర్వాతి స్థానమైన అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపర్ దాకా వెళ్లాను. అమ్మ కోసం హైదరాబాద్ వచ్చేశాక ఇక్కడ కాలేజీలో చెప్పడం మొదలుపెట్టాను.

క్లాసులో అడుగుపెట్టి "మీరేం అవుదామనుకుంటున్నారు" అని అడిగితే సగం మంది షెఫ్ అంటారు, మిగతా సగం ఫ్రంట్ ఆఫీస్ (రిసెప్షన్) అంటారు. హౌస్‌కీపింగ్ అని చెయ్యెత్తేవాళ్లే ఉండరు. హోటల్ అమ్మేది ముందుగా గదినే. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు రెండుసార్లు అమ్ముకోలేం. అయినా ఆ గదిని అమ్మడానికి తయారు చేసేవాళ్ల పని మాత్రం ఎవరికీ అక్కర్లేదు. పెద్ద హోటల్లో ఒక అటెండెంట్‌కి షిఫ్టులో 14 నుంచి 16 గదులు పడతాయి. గెస్ట్ ఖాళీ చేసి వెళ్లిన గదైతే ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ఆ లెక్క ఒంటికి తెలిసినవాళ్లు డ్యూటీ చార్టు వేయడం వేరు, పుస్తకంలో చదివి వేయడం వేరు.

నేను మొదట చేరిన కాలేజీలో ప్రాక్టికల్స్ కోసం ఒక మోడల్ రూమ్ ఉండేది. మంచం, దిండ్లు, లాంప్ అన్నీ చక్కగా ఉన్నాయి. బాత్రూమ్‌లో కమోడ్ ఉంది, దానికి పైపు లేదు. కుళాయి తిప్పితే చుక్క రాదు. పిల్లలు మాత్రం బాత్రూమ్ శుభ్రం చేసే పద్ధతిని స్టెప్పుల వారీగా బట్టీపట్టి పరీక్షలో రాసేవారు, మార్కులూ వచ్చేవి. నాకది నచ్చలేదు. ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, హాస్టల్లో అతిథుల కోసం ఉంచిన గదుల్లో ప్రాక్టికల్స్ పెట్టించాను.

వారం తిరక్కుండానే జగిత్యాల వైపు నుంచి ఒక అబ్బాయి తండ్రి వచ్చారు. కోపంగా ఉన్నారు. "మేడమ్, నేను దుబాయ్‌ల లేబర్ క్యాంపు బాత్రూములు కడిగి కడిగి వచ్చినోన్ని. నా కొడుకు ఆ పని చెయ్యద్దనే గదా ఫీజులు కడుతున్న. మీరు గూడ అదే నేర్పిస్తుండ్రా?" అన్నారు.

ఆయన మాటలో అన్యాయం ఏమీ లేదు. అందుకే వెంటనే సమాధానం చెప్పలేదు. కూర్చోబెట్టి టీ తెప్పించి, "మీకు ఆ పని ఎవరైనా నేర్పించారా అన్నా?" అని అడిగాను.

"ఎవడు నేర్పిస్తడు మేడమ్, చీపురు చేతిలో వెట్టి పొమ్మన్నరు." కాసేపాగి ఆయనే చెప్పారు. ఒకసారి మరకలు పోవట్లేదని బ్లీచింగూ యాసిడూ కలిపి పోశారట. ఊపిరాడక బయటికి ఉరికారట. రెండు రోజులు దగ్గుతూనే డ్యూటీ చేశారట.

అబ్బాయిని పిలిపించి గదిలోకి తీసుకెళ్లాను. "నాన్నగారికి చేసి చూపించు" అన్నాను. ముందు కాస్త బిడియపడ్డాడు. తర్వాత గ్లోవ్స్ వేసుకుని, ఫ్లష్ చేసి, కమోడ్‌లో ఆర్-సిక్స్ అనే టాయిలెట్ క్లీనర్ పోసి అలా వదిలేశాడు. అది పనిచేసేలోపు అద్దం, వాష్ బేసిన్ పూర్తి చేశాడు. కమోడ్‌కి ఎర్ర బట్ట, బేసిన్‌కి పసుపు బట్ట, అవి ఎప్పుడూ కలవకూడదని తండ్రికి చెబుతూ చేశాడు. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుందని, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందని వాడే చెప్పాడు. నేను మధ్యలో ఒక్క మాట కూడా అందించలేదు. ఆయన గుమ్మంలో నిలబడి అంతా చూశారు. మెచ్చుకోలేదు. వెళ్లేముందు మాత్రం "సూపర్‌వైజర్ అయితందుకు ఎన్నేండ్లు వడ్తది మేడమ్?" అని అడిగారు. ఆ తర్వాత నా ప్రాక్టికల్స్ గురించి ఫిర్యాదు రాలేదు.

డిగ్రీతోనే టీచరైన వ్యక్తి ఆ రోజు ఆయనకేం చెప్పగలిగేవారు? క్యాంపులో ఆయన చేసిన పనికీ హోటల్లో మేం చేసే పనికీ మధ్య ఉన్న తేడా నేర్పేవాళ్లే. నాకు మస్కట్‌లో ఫిలిప్పీన్స్ ఆవిడ ఒకరు సూపర్‌వైజర్‌గా దొరికారు. నేను గది పూర్తి చేశాక ఆవిడ కమోడ్ మూత వేసి దాని మీద కూర్చుని చుట్టూ చూసేవారు. గెస్ట్ అక్కడ కూర్చున్నప్పుడు తలుపు వెనక దుమ్ము, బేసిన్ కింద మరక, నీళ్లు పోయే జాలీలో చిక్కుకున్న వెంట్రుక కనిపిస్తాయి. నిలబడి చూస్తే ఇవేవీ కనిపించవు. నా విద్యార్థులందరినీ అలాగే కూర్చోబెట్టి చూపిస్తాను.

డిగ్రీ వద్దని కాదు. ఫుడ్ కాస్టింగ్ (వంటకాల ఖర్చు లెక్క), చట్టాలు, అకౌంట్స్ లాంటివి చదువుకున్నవాళ్లే చక్కగా చెబుతారు. హోటల్ మేనేజ్‌మెంట్ జాతీయ కౌన్సిల్ టీచింగ్ కోసం ఎన్‌హెచ్‌టెట్ అని ఒక అర్హత పరీక్ష కూడా పెడుతుంది. గల్ఫ్ నుంచి వచ్చి చెప్పాలనుకునేవాళ్లు దాని నిబంధనలు చూసుకోండి. జీతం అక్కడి కంటే బాగా తగ్గుతుంది, దానికి ఇంట్లోవాళ్లను ముందే సిద్ధం చేయండి.

అడగకపోయినా ఇంకో రెండు విషయాలు చెప్పాలి. కోర్సులో భాగంగా హోటల్లో పని నేర్చుకునే ఇండస్ట్రియల్ ట్రైనింగ్ పేరుతో పిల్లలను పంపితే కొన్ని హోటళ్లు నెలల తరబడి ఉల్లిపాయలు కోయిస్తాయి, ప్లేట్లు తుడిపిస్తాయి. వంటగది, వడ్డన, ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్ నాలుగు డిపార్ట్‌మెంట్లూ తిప్పమని కాలేజీ గట్టిగా అడగాలి. కానీ ట్రైనింగ్ సర్టిఫికెట్ మీద హోటల్ సంతకం కోసం అందరూ నోరు మూసుకుంటారు.

రెండోది ఏజెంట్లు. ఫైనల్ ఇయర్ పిల్లల దగ్గర గల్ఫ్ హోటల్ ఉద్యోగమని, క్రూయిజ్ షిప్ అని లక్షలు వసూలు చేస్తున్నారు. విదేశీ ఉద్యోగాలకు పంపే రిజిస్టర్డ్ ఏజెంట్ ఒక అభ్యర్థి దగ్గర సర్వీస్ చార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదని కేంద్రం నిబంధన ఉంది. ఏజెంట్‌కి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఈ మాట పిల్లలకు మొదటి సంవత్సరంలోనే చెబుతాను, తల్లిదండ్రులు వచ్చినప్పుడూ చెబుతాను. మీ ఇంట్లో ఎవరైనా ఈ కోర్సు చదువుతుంటే డబ్బు కట్టేముందు లైసెన్సు నంబరు అడగండి, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.