13వ వారం స్కాన్‌లో హోలోప్రోసెన్‌సెఫలీ అని వచ్చింది, గ్రహణం వల్లేనా?

కాదు చెల్లె. హోలోప్రోసెన్‌సెఫలీ అంటే కడుపులో బిడ్డ మెదడు కుడి, ఎడమలుగా విడిపోకపోవడం. గ్రహణం నాడు కూరగాయలు కోసినందుకే ఇలా అయిందని ఇంట్లో అంటున్నారని రాశావు. నాకూ 2020 సంక్రాంతికి ముందు హనుమకొండలో స్కాన్ చేసి ఇదే పేరు రాసిచ్చారు. 2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం. ఆ పొద్దున నేను వాకిట్లో బట్టలు ఆరేశాను. మా అత్తమ్మ దాన్నే పట్టుకుంది.

మా అమ్మ కోరుట్లలో బీడీలు చేసేది. తునికాకు అంచులు లేచి చుట్టుకున్నట్టే, గర్భం నిలిచిన మూడో వారంలో రేకులా ఉన్న పొర ఒకటి గొట్టంలా చుట్టుకోవడం మొదలవుతుంది. మెదడు, వెన్నుపాము అయ్యేది ఆ గొట్టమే. 28వ రోజుకల్లా దాని రెండు కొసలూ మూసుకోవాలి. తల వైపు మూసుకోకపోతే అనెన్‌సెఫలీ, అంటే మెదడు, పుర్రె చాలావరకు ఏర్పడని లోపం. ఫోలిక్ యాసిడ్ మాత్రలు కాపాడేది అలాంటి లోపాల నుంచే. మనది దాని తర్వాతి మెట్టు. గొట్టం మూసుకుంది, కానీ దాని ముందు భాగం ఐదో వారంలో కందిగింజ రెండు బద్దలైనట్టు కుడి, ఎడమలుగా విడిపోవాలి. అది విడిపోలేదు. ఆ పని చేయించే సంకేతాల్లో సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్ ముఖ్యమైనది. ముఖం మధ్యభాగాన్ని దిద్దేదీ అదే. అందుకే కొందరు బిడ్డల్లో కళ్లు దగ్గరగా ఉంటాయి, పెదవి చీలుతుంది. ఆ చీలికకు మనవాళ్లు పెట్టిన పేరు గ్రహణం మొర్రి. పేరులోనే తల్లి మీద నింద ఉంది.

నా చివరి నెలసరి అక్టోబర్ 10. అంటే గర్భం నిలిచింది ఆ నెల 24 ప్రాంతంలో. మెదడు విడిపోవాల్సిన రోజులు నవంబర్ ఆఖరు, డిసెంబర్ మొదట్లో. గ్రహణం వచ్చేసరికే ఆ గడువు దాటిపోయింది. ఆ రోజుల్లోనే వచ్చినా దాని నీడ గర్భాన్ని ఏమీ చేయదు.

స్కాన్ చేసిన మేడమ్ స్క్రీన్ నా వైపు తిప్పారు. ఆ వయసు బిడ్డ తలలో సీతాకోకచిలుక రెక్కల్లా రెండు తెల్లటి మచ్చలు, మధ్యలో గీత కనిపించాలట. నా బిడ్డకు గీత లేదు, ఒకటే నల్లటి గది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. పొట్ట మీద జెల్ చల్లగా ఆరిపోతోంది, ఎవరం మాట్లాడలేదు.

మాది ఎలోబార్, అంటే అసలు విడిపోనిది. మేం గర్భం తీయించుకున్నాం. సెమీలోబార్, లోబార్ అని ఇంతకంటే తక్కువ తీవ్రమైనవీ ఉన్నాయి, నీది ఏ రకమో అడుగు. ఆ తర్వాత నిర్ణయం మీ ఇద్దరిదే.

క్రోమోజోముల పరీక్ష మాత్రం వదలొద్దు. 13వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటం దీనికి తరచూ కనిపించే కారణం. జెనెటిక్ డాక్టర్ మా ఇద్దరి నోళ్లు కూడా తెరిపించి చూశారు. పైన ముందు రెండు పళ్లకు బదులు మధ్యలో ఒక్కటే ఉంటే, ఈ లోపం తేలిక రూపంలో తల్లిదండ్రుల్లోనే ఉండి ఉండొచ్చట. మాకు అవేవీ లేవు. నా మూడు నెలల షుగర్ (HbA1c అనే రక్తపరీక్ష) మాత్రం 9.2 శాతం వచ్చింది. గర్భానికి ముందు నుంచే తల్లికి షుగర్ ఉంటే ఈ ముప్పు పెరుగుతుంది. అదే కారణమని డాక్టర్ ఖాయంగా చెప్పలేదు. కానీ అంతకుముందు పిల్లల కోసం ఏడాది పాటు ఒక దవాఖానకు తిరిగాను, ఒక్కరు కూడా షుగర్ పరీక్ష రాయలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

షుగర్ 6.3కు దిగాకే మళ్లీ ప్రయత్నించాం. 2022లో 12వ వారం స్కాన్‌కు పోతే అదే మేడమ్, నేను అడగకముందే, “ఇవిగో రెక్కలు” అని వేలు పెట్టి చూపించారు.

నువ్వు రేపే మూడు నెలల షుగర్ చేయించుకో. ఎంత వచ్చిందో ఇక్కడే రాయి, చూస్తుంటాను.