గేమ్ లోడ్ కాకపోతే ఏం రాస్తావు?

తమ్ముడికి,

మొదటి ప్లేస్టేషన్‌లో మాడ్‌చిప్, అంటే కాపీ డిస్కుల్నీ వేరే దేశాల డిస్కుల్నీ కూడా ఆడించే చిన్న చిప్, బిగించడం గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా సాగింది. చివర్లో ‘ఇక గేమ్ పెట్టి ఆడుకోవడమే’ అన్నావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. ఇలాంటి వ్యాసం వెతుక్కునేవాడి ముందు మూత విప్పిన కన్సోల్ ఉంటుంది, చెయ్యి కాలి ఉంటుంది, గేమ్ మాత్రం లోడ్ కాదు. అతనికి నీ దగ్గర ఒక్క ముక్కా లేదు.

చిప్ ‘లాక్ తీసేస్తుంది’ అని రాశావు. తియ్యదు. 1994లో వచ్చిన ఆ కన్సోల్ అసలు డిస్కుల్లో, లోపలి అంచు దగ్గర ట్రాక్ సన్నగా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపులో నాలుగక్షరాల కోడ్ ఉంటుంది: జపాన్‌కి ఎస్‌సీఈఐ, అమెరికాకి ఎస్‌సీఈఏ, యూరప్‌కి ఎస్‌సీఈఈ. మామూలు సీడీ రైటర్‌కి ఆ ఊపు రాయడం చేతకాదు. డిస్క్ చెప్పాల్సిన జవాబును చిప్ పక్కనుంచి అందిస్తుంది, పరీక్ష హాల్లో కిటికీలోంచి చీటీ విసిరినట్టు. ఇది అర్థమైతే పాఠకుడు సగం తంటాలు తనే తీర్చుకుంటాడు.

ఎలాగంటావా? సొంత ప్రాంతపు అసలు డిస్క్ ఆడుతోంది, వేరే దేశానిది ఆడట్లేదు అనుకో. చీటీ లోపలికి చేరలేదన్నమాట. వైర్లు చూసుకోవాలి. అసలు డిస్క్ కూడా ఆడకపోతే చిప్ వైర్లన్నీ ఊడదీసి మళ్లీ పెట్టి చూడమను. అప్పుడు ఆడితే తప్పు వైరింగ్‌లో ఉంది. అప్పటికీ ఆడకపోతే విప్పేటప్పుడు లెన్స్ కేబుల్ కదిలిందేమో చూడాలి. గేమ్ మొదలై, కన్సోల్‌ని మార్చినట్టున్నారంటూ ఆగిపోతే వైరింగ్ భేషుగ్గా ఉన్నట్టే. పాత చిప్ ఆపకుండా కోడ్ పంపుతూనే ఉంటుంది, కొన్ని గేములు దాన్ని పసిగడతాయి. బూట్ అయ్యాక నోరు మూసుకునే స్టెల్త్ చిప్ కావాలి. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తే మాత్రం అది పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు టీవీ పద్ధతుల గొడవ. దానికి చిప్‌ని తిట్టొద్దు.

కన్సోల్ లోపలి సర్క్యూట్ బోర్డు నంబర్ నువ్వు ఎక్కడా రాయలేదు. నా తొలి వ్యాసంలో నేనూ రాయలేదులే. నేను విప్పింది పీయూ-18, ఒక పాఠకుడి దగ్గరున్నది పీయూ-22. పాపం, నా బొమ్మ చూసి అదే చోటు వెతుక్కుంటూ రెండు రాత్రులు కూర్చున్నాడు. బోర్డు మారితే వైర్లు వెళ్లే చోట్లు మారతాయి. అందుకే ఆ నంబర్ మొదటి పేరాలోనే ఉండాలి. ప్లగ్ పీకి కాసేపు ఆగమనే మాట దానికంటే ముందుండాలి. పవర్ సప్లై కన్సోల్ లోపలే ఉంది, ప్లగ్ తీశాక కూడా దాని పెద్ద కెపాసిటర్ షాక్ కొట్టగలదు. నువ్వా హెచ్చరికని స్క్రూలన్నీ విప్పించాక ఇచ్చావు!

‘జాగ్రత్తగా సోల్డర్ చేయండి’ అన్నావు. జాగ్రత్త అంటే ఏమిటో చూపించు. ముందు టంకం బాగా అతుక్కోవడానికి పూసే ఫ్లక్స్ రాయాలి, వెంట్రుకలాంటి 30 గేజ్ వైర్ వాడాలి. టంకం మెరుస్తూ పిన్ను చుట్టూ పారితే అతుక్కున్నట్టు. ఉండలా పైన కూర్చుంటే డ్రై సోల్డర్. కంటికి బాగానే కనిపిస్తుంది, మూత బిగించగానే వదిలేస్తుంది. పక్క పిన్నుతో కలిసిందేమో మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి చూడమను, కలిస్తే అది కూస్తుంది.

చట్టం గురించి రెండు లైన్లు చాలు. అమెరికాలో 1998 నాటి కాపీరైట్ చట్టం ఇలాంటివాటికి అడ్డుపడుతుంది. ఆస్ట్రేలియా హైకోర్టు 2005లో చిప్‌లు అమ్మినతని పక్షానే తీర్పిచ్చింది, ఆ తర్వాత అక్కడ చట్టమే మార్చారు. ఎవరి దేశం సంగతి వాళ్లని చూసుకోమను.

తిరగరాసి పంపు. నీ కన్సోల్ మొదటిసారి మొరాయించిన దగ్గర మొదలుపెట్టు. మొరాయించలేదని మాత్రం చెప్పకు. నీ మూడో ఫొటోలో చిప్ కాళ్లు రెండు టంకంతో కలిసిపోయి కనిపిస్తున్నాయి.

మీ అన్నయ్య